అమెరికాలో పాత కార్లు, ఇంటి మరమ్మతులు: మోడల్ టి నుంచి హవానా వీధుల వరకు

ఉపోద్ఘాతం

మోటారు కారు చరిత్ర అనగానే మన పాఠ్యపుస్తకాలు సాధారణంగా కర్మాగారంతో మొదలై కర్మాగారంతోనే ముగుస్తాయి. హెన్రీ ఫోర్డ్, డెట్రాయిట్ దగ్గరి హైలాండ్ పార్క్ కర్మాగారం, 1913లో ప్రవేశపెట్టిన కదిలే అసెంబ్లీ లైను, 1914లో ప్రకటించిన రోజుకు 5 డాలర్ల వేతనం వంటి విషయాలను పారిశ్రామిక చరిత్రలో భాగంగా మీరు చదివే ఉంటారు. అవి ముఖ్యమైనవే. అయితే ఒక చిన్న లెక్క చూడండి. 1914 నాటికి హైలాండ్ పార్క్‌లో ఒక మోడల్ టి ఛాసిస్‌ను బిగించడానికి పట్టిన సమయం 93 నిమిషాలు. ఆ కారు ఆ తరువాత ఏళ్ల తరబడి రోడ్డు మీద తిరిగింది. ఆ 93 నిమిషాల గురించి చరిత్రకారులు ఎంతో రాశారు. తరువాతి ఏళ్ల గురించి రాసింది చాలా తక్కువ. ఆ కాలమంతా కారును ఎవరు నడిచే స్థితిలో ఉంచారు? చెడిపోతే ఎవరు విప్పారు? విప్పడం వారికి ఎవరు నేర్పారు? విడిభాగాలు ఎక్కడ దొరికాయి?

ఈ పాఠం ఆ ప్రశ్నల గురించే. బ్రిటిష్ చరిత్రకారుడు డేవిడ్ ఎడ్జర్టన్ 2006లో ప్రచురించిన గ్రంథంలో, సాంకేతిక పరిజ్ఞాన చరిత్రను ఆవిష్కరణల వైపు నుంచి మాత్రమే కాక వాడకం వైపు నుంచి కూడా రాయాలని వాదించాడు. వాడకం అన్నప్పుడు అందులో మరమ్మతు, సంరక్షణ కూడా చేరతాయి. ఆ దృష్టితో చూస్తే అమెరికన్ కారు చరిత్రలో కర్మాగారంతో పాటు ఇంటి పెరడు, పశువుల కొట్టం, కమ్మరి కొలిమి కూడా చరిత్ర జరిగిన స్థలాలే అవుతాయి.

అమెరికన్లు స్వభావరీత్యా యంత్రాలు విప్పి బిగించడంలో నేర్పరులనీ, అందుకే అక్కడ ఇంటింటా కారు మరమ్మతు సాగిందనీ ఒక అభిప్రాయం ప్రచారంలో ఉంది. పాఠ్య రచయిత దీనితో ఏకీభవించడం లేదు. సొంత మరమ్మతు అనేది కొన్ని పరిస్థితులు కలిసి వచ్చినప్పుడు సాధ్యమైంది, అవి తొలగినప్పుడు కష్టమైంది. యంత్రం నిర్మాణం, విడిభాగాల లభ్యత, అచ్చులో దొరికే సమాచారం, ఇంటి అవసరం, కొన్ని సందర్భాల్లో చట్టం కూడా ఆ పరిస్థితుల్లో ఉన్నాయి.

బ్రూక్‌లాండ్స్ పరీక్ష

మొదట విడిభాగం అన్న భావన గురించి కొంత చెప్పుకోవాలి. ఇవాళ బ్రేకు లైనింగ్ అరిగితే దుకాణానికి వెళ్లి అదే రకం కొత్తది తెచ్చి బిగించడం మనకు వింతగా తోచదు. తొలినాటి కార్లలో ఇది కుదిరేది కాదు. ఒక్కొక్క కారులోని భాగాలను పనివారు ఆకురాయితో రాసి ఒకదానికొకటి సరిపోయేలా అమర్చేవారు. ఒక కారులోని భాగం అదే కంపెనీ తయారుచేసిన మరో కారులో పట్టకపోవచ్చు. అలాంటి కారు పాడైతే నైపుణ్యం గల పనివాడే దిక్కు. అందుకే తొలిదశలో ధనికులు కారుతో పాటు డ్రైవరును, మెకానిక్కును ఒకే మనిషి రూపంలో జీతానికి పెట్టుకునేవారు. ఆ డ్రైవరు లేనిదే కారు కదలదు కాబట్టి యజమాని అతని మీద ఆధారపడవలసి వచ్చేది. ఈ ఆధారం యజమానులను ఎంతో చికాకు పరచిందని ఆనాటి రాతలు చెబుతాయి.

1908లో లండన్ సమీపంలోని బ్రూక్‌లాండ్స్ పందెపు బాట వద్ద, రాయల్ ఆటోమొబైల్ క్లబ్ పర్యవేక్షణలో ఒక పరీక్ష జరిగింది. అమెరికాలో తయారైన 3 కాడిలాక్ కార్లను పూర్తిగా విప్పి, భాగాలన్నిటినీ ఒకే కుప్పగా కలిపేశారు. వాటిలో 89 భాగాలను తీసివేసి, వాటి స్థానంలో అమ్మకందారు దగ్గర నిల్వ ఉన్న కొత్త భాగాలను ఉంచారు. ఆ తరువాత పానాలు, స్క్రూడ్రైవర్లు వంటి సాధారణ పరికరాలతోనే 3 కార్లను తిరిగి బిగించారు. ఆకురాయి పట్టలేదు. బిగించిన కార్లు అదే బాట మీద 500 మైళ్లు నడిచాయి. ఈ పరీక్షకు కాడిలాక్ సంస్థకు డ్యూవార్ ట్రోఫీ లభించింది.

దీనిని సాధారణంగా కర్మాగారం సాధించిన కచ్చితత్వానికి ఉదాహరణగా చూపుతారు. నిజమే. కాని మరోవైపు నుంచి చూడండి. ఆకురాయి అవసరం లేకుండా బిగిన కారును, ఆకురాయి పట్టడం రాని మనిషి కూడా బాగుచేయగలడు. ఆ రోజు గెలిచింది ఒక కంపెనీ. దాని ఫలితం మాత్రం పానా పట్టగల ప్రతి యజమానికీ అందింది.

మోడల్ టి నిర్మాణం

అదే సంవత్సరం అక్టోబరులో ఫోర్డ్ కంపెనీ మోడల్ టి కారును విడుదల చేసింది. 1927 మే వరకు, అంటే దాదాపు 19 ఏళ్లపాటు, ఒకే ప్రాథమిక నమూనాలో కోటీ యాభై లక్షలకు పైగా కార్లు తయారయ్యాయి. మొదట 850 డాలర్లున్న ధర 1920ల మధ్యకు వచ్చేసరికి 300 డాలర్ల లోపుకు దిగింది. పాత అమెరికన్ కార్లను ఇంటివద్ద బాగుచేసుకునేవారికి నేటికీ ఇదే మొదటి పాఠం వంటిది. కనుక దీని నిర్మాణాన్ని కొంత వివరంగా చూద్దాం. ఇంజనీరింగ్ విద్యార్థులు కానివారు కూడా ఈ భాగాన్ని వదలకుండా చదవాలి. ఇక్కడ ప్రతి భాగం వెనుక ఒక సామాజిక విషయం ఉంది.

ఇంజనుకు 4 సిలిండర్లు. శక్తి సుమారు 20 అశ్వశక్తి. సిలిండర్ల పైకప్పును, అంటే హెడ్డును, బోల్టులు విప్పి విడిగా ఎత్తివేయవచ్చు. ఇంజను మొత్తం దించకుండానే వాల్వులు, పిస్టన్లు కంటికి కనిపిస్తాయి, వాటికి పట్టిన మసి గీకవచ్చు. పెట్రోలును ఇంజనుకు పంపడానికి పంపు లేదు. ట్యాంకు సీటు కింద ఉంటుంది, పెట్రోలు దానంతట అదే పల్లానికి ప్రవహిస్తుంది. పంపు లేదు కాబట్టి పంపు చెడిపోదు. కాని ట్యాంకులో పెట్రోలు తక్కువగా ఉన్నప్పుడు నిటారైన గుట్ట ఎక్కితే ఇంజను ట్యాంకు కన్నా ఎత్తులోకి పోయి పెట్రోలు అందేది కాదు. అప్పుడు కారును వెనక్కి తిప్పి, రివర్సు గేరులో గుట్ట ఎక్కించేవారు. రేడియేటరు నీటికి కూడా మొదటి కొద్ది వేల కార్లు మినహా పంపు ఉండేది కాదు. వేడెక్కిన నీరు పైకి, చల్లబడినది కిందికి తిరిగేది. చలికాలం రాత్రి ఆ నీటిని తీసివేయకపోతే గడ్డకట్టి ఇంజను పగిలే ప్రమాదం ఉంది.

పెట్రోలు ఎంత ఉందో చూపే మీటరు లేదు. సీటు ఎత్తి, కర్ర ముంచి చూడాలి. ఇంజను ఆయిలు చూడాలంటే కారు కిందికి దూరాలి. అడుగున ఒకదాని కింద ఒకటిగా రెండు చిన్న కుళాయిలు ఉంటాయి. కింది కుళాయి తిప్పితే ఆయిలు కారాలి. కారకపోతే వెంటనే పోయాలి. యజమాని బట్టలకు మరకలు అంటకుండా ఈ కారును నడపడం కుదరదు.

నిప్పురవ్వ పుట్టించడానికి బ్యాటరీ అక్కరలేదు. ఫ్లైవీల్‌కు బిగించిన 16 అయస్కాంతాలు తిరుగుతూ కరెంటు పుట్టిస్తాయి. అది కొయ్యపెట్టెలో ఉన్న 4 కాయిళ్ల ద్వారా ప్లగ్గులకు చేరుతుంది. ఏ సిలిండరు పనిచేయడం లేదో తెలుసుకోవాలంటే కాయిళ్లను ఒకదాని చోట ఒకటి మార్చి చూస్తే చాలు. కాయిలుతో పాటు తప్పు కూడా కొత్త చోటికి మారితే దోషం కాయిలుదే. పరికరం ఏదీ లేకుండా, ఆలోచనతో చేసే పరీక్ష ఇది. ముందుభాగాన ఉండే టైమరుకు తరచూ ఆయిలు వేయాలి. వేయకపోతే ఇంజను తడబడుతుంది.

గేర్లది మరీ వేరే పద్ధతి. కింద 3 పెడళ్లు. ఎడమది గేరుకు, నడిమిది రివర్సుకు, కుడిది బ్రేకుకు. లోపల తిరిగే డ్రమ్ముల చుట్టూ నూలు అల్లిక అతికిన ఉక్కు పట్టీలు బిగుసుకుంటాయి. నూలు అరిగిపోతుంది. పట్టీలు బిగించడం, కొంతకాలానికి నూలు మార్చడం యజమానికి తప్పని పని. అందుకోసం పైన మూత విప్పినప్పుడు లోపలి సందుల్లో గుడ్డపీలికలు కుక్కుకోవడం అనుభవజ్ఞుల పద్ధతి. చేతినుంచి ఒక నట్టు జారి లోపల పడితే దాన్ని తీయడానికి ఒక పూట పడుతుంది. బ్రేకు నూలు త్వరగా అరగకుండా కొందరు రివర్సు పెడలును కూడా బ్రేకుగా వాడేవారు.

చక్రాల ఆకులు కొయ్యవి. ఎండాకాలం ఆకులు ఎండి వదులై కిర్రుమనేవి. అప్పుడు కారును వాగులో నిలిపి చక్రాలను నానబెట్టేవారు. బండి చక్రాలను చెరువులో నానబెట్టడం చూసిన మన పల్లెల వారికి దీన్ని వివరించనక్కరలేదు.

ఈ కారు మీద ఉన్న మమకారంతో దీన్ని అందరూ సులువైన యంత్రమని రాస్తారు. అది పూర్తి సత్యం కాదు. 1919లో విద్యుత్ స్టార్టరు అందుబాటులోకి వచ్చేవరకు ఇంజనును ముందునుంచి హ్యాండిలు తిప్పి స్టార్టు చేయాలి. స్పార్క్ మీటను సరైన స్థానంలో ఉంచకుండా తిప్పితే హ్యాండిలు ఎదురు కొడుతుంది. అలా మణికట్టు విరిగినవారు చాలామంది. అది సులువైన యంత్రం కాదు, అర్థం చేసుకోవడానికి వీలైన యంత్రం. ఈ రెండింటికీ తేడా ఉంది. దాని ప్రతి దోషానికి ఒక కారణం ఉండేది, ఆ కారణం కంటికో చెవికో అందేది.

పల్లెల్లో కారు

1920 జనాభా లెక్కల్లో అమెరికాలో మొదటిసారిగా పట్టణ జనాభా గ్రామీణ జనాభాను మించింది. అదీ స్వల్పంగా మాత్రమే. అంటే మోడల్ టి కాలంలో దేశంలో దాదాపు సగం మంది పల్లెల్లోనే ఉన్నారు. 20వ శతాబ్దపు తొలి ఏళ్లలో ఈ పల్లె జనమే కారును ద్వేషించారు. పట్టణాల నుంచి వచ్చే ధనికుల కార్లు గుర్రాలను బెదరగొట్టి, కోళ్లను తొక్కి పోతుంటే, రైతులు రోడ్లకు అడ్డంగా గోతులు తవ్విన సందర్భాలున్నాయి. కొన్నేళ్లలో అదే రైతులు అత్యధికంగా కార్లు కొనేవారయ్యారు.

పరిశోధకులు రోనాల్డ్ క్లైన్, ట్రెవర్ పింఛ్ 1996లో ప్రచురించిన వ్యాసంలో, రైతులు కారును కొన్నంతనే ఊరుకోలేదని, దాన్ని తమకు కావలసిన యంత్రంగా మార్చుకున్నారని చూపారు. వెనుక ఇరుసును జాకీ మీద లేపి, చక్రానికి బెల్టు తగిలించి, రంపాన్ని, నీటి పంపును, మొక్కజొన్న గింజలు వలిచే యంత్రాన్ని, వెన్న చిలికే యంత్రాన్ని, బట్టలు ఉతికే యంత్రాన్ని కూడా దానితో తిప్పారు. కారును ట్రాక్టరుగా మార్చే సామగ్రి కూడా మార్కెట్లోకి వచ్చింది. 1917లో ఫోర్డ్ సంస్థే ఫోర్డ్‌సన్ ట్రాక్టరును తయారుచేయడం మొదలుపెట్టింది.

రైతుకు ఈ పని కొత్త కాదు. అప్పటికే అతని ఇంట్లో కోత యంత్రం, నూర్పిడి యంత్రం ఉన్నాయి. ఊళ్లో కమ్మరి ఉన్నాడు. కొత్తదల్లా పెట్రోలు ఇంజను, నిప్పురవ్వ. గుర్రాలకు లాడాలు కొట్టడం తగ్గుతున్న కొద్దీ ఎందరో కమ్మరులు తమ కొలిమి పక్కనే కారు మరమ్మతు మొదలుపెట్టారు. విరిగిన స్ప్రింగు పట్టీ అతికించాలన్నా, వంగిన ఇరుసు సరిచేయాలన్నా రైతు అక్కడికే వెళ్లేవాడు. కాబట్టి ఇంటి మరమ్మతు అన్నప్పుడు యజమాని ఒక్కడే అన్నీ చేశాడని అనుకోరాదు. నూలు పట్టీ అతను మార్చాడు, బేరింగు గుల్లలో కరిగించిన లోహం పోసే పని తెలిసినవారికి ఇచ్చాడు. నేటికీ పాత కార్ల ప్రేమికులు పనిని ఇలాగే పంచుకుంటారు.

ఆధారాలను ఎలా చదవాలి?

ఇక్కడ చరిత్ర విద్యార్థులుగా మీరు ఆగి ఆలోచించవలసిన విషయం ఒకటుంది. పెరట్లో జరిగిన పనికి దస్తావేజులు ఉండవు. రైతు తన కారు టైమరును ఎన్నిసార్లు శుభ్రం చేశాడో ఎక్కడా రాసుకోలేదు. మరి మనకు ఆధారమేది?

ఒక ఆధారం ఫోర్డ్ సంస్థ యజమానులకు ఇచ్చిన చేతిపుస్తకం. అది ప్రశ్నలు, జవాబుల రూపంలో ఉంటుంది. యజమాని అడిగినట్టు ఒక ప్రశ్న, కింద కంపెనీ జవాబు. మీ చేతిలో ఉన్న ఇలాంటి దూరవిద్య పుస్తకాల్లో కూడా ఈ పద్ధతి కనిపిస్తుంది. గురువు దగ్గర లేని పాఠకుడికి రాసే ఎవరికైనా ఇదే దారి తోస్తుందేమో. అయితే చేతిపుస్తకం యజమాని ఏమి చేయాలో చెబుతుంది, ఏమి చేశాడో చెప్పదు. పైగా ఫోర్డ్ అసలు భాగాలనే వాడమని అది చెప్పడంలో కంపెనీ ప్రయోజనం కూడా ఉంది.

అందుకే చేతిపుస్తకం పక్కన సియర్స్ రోబక్ వంటి తపాలా వ్యాపార సంస్థల కేటలాగులు పెట్టుకుని చదవాలి. వాటిలో ఫోర్డ్ కారు కోసమే ఇతర కంపెనీలు చేసిన సామగ్రి పేజీలకు పేజీలు ఉంటుంది. గడగడ శబ్దం ఆపే స్ప్రింగులు, అదనపు బ్రేకులు, ఆయిలు మట్టం చూపే మీటర్లు, నీటి పంపులు కనిపిస్తాయి. శబ్దం ఆపే వస్తువు అన్నేళ్లపాటు అమ్ముడుపోయిందంటే కారు శబ్దం చేసిందని అర్థం. బ్రేకులు విడిగా కొన్నారంటే కంపెనీ ఇచ్చిన బ్రేకు మీద నమ్మకం చాలలేదని అర్థం. ప్రకటనలు వస్తువు గొప్పతనం చెప్పడానికి రాసినవి. చరిత్రకారుడు వాటిలో మరో వస్తువు లోపం చదువుతాడు.

మూడవ ఆధారం మిగిలిన కార్లు. ఒక పాత మోడల్ టిని విప్పితే వేర్వేరు సంవత్సరాల భాగాలు ఒకే కారులో కనిపించడం మామూలు. దాదాపు రెండు దశాబ్దాలు ప్రాథమిక నమూనా మారలేదు కాబట్టి చాలా భాగాలు కొత్తకూ పాతకూ సరిపోయేవి. ఆ కలగలుపే దాని మరమ్మతు చరిత్ర.

పానా ఎవరి చేతిలో?

పై కథనంలో యజమాని అన్న మాట వాడినప్పుడల్లా మీకు ఒక తెల్లజాతి మగవాడి రూపమే మనసులో మెదిలి ఉండవచ్చు. ఆనాటి ప్రకటనలు, చేతిపుస్తకాలు కూడా అలాగే ఊహించాయి. వాస్తవం అంతకన్నా విశాలమైంది.

1909 జూన్‌లో 22 ఏళ్ల ఆలిస్ రామ్సే అనే గృహిణి న్యూయార్క్ నుంచి మాక్స్‌వెల్ కారులో బయలుదేరి, 59 రోజులకు శాన్‌ఫ్రాన్సిస్కో చేరింది. అమెరికా ఖండాన్ని కారులో దాటిన మొదటి మహిళ ఆమె. వెంట వచ్చిన ముగ్గురు స్త్రీలకు కారు నడపడం రాదు. దారి పొడవునా 11 సార్లు టైర్లు మార్చడం, ప్లగ్గులు శుభ్రం చేయడం, విరిగిన బ్రేకు పెడలును సరిచేయడం ఆమే చేసింది. ఆ యాత్రను ఏర్పాటు చేసింది మాక్స్‌వెల్ కంపెనీ. ఒక స్త్రీ నడపగలిగిందంటే కారు నమ్మకమైనదని జనం అనుకోవాలన్నది వారి ఉద్దేశం. స్త్రీ నైపుణ్యాన్ని కారు సులువుకు రుజువుగా వాడుకున్నారన్న మాట. రామ్సే తన అనుభవాలను 1961లో పుస్తకంగా ప్రచురించింది.

నల్లజాతి యజమానులకు మరమ్మతు నేర్పు మరో కారణంగా అవసరమైంది. దక్షిణ రాష్ట్రాల్లో రైళ్లలో, బస్సుల్లో జాతి వివక్ష చట్టబద్ధంగా అమలయ్యేది. సొంత కారు ఆ అవమానం నుంచి కొంత విముక్తి. అయితే కొత్త ఊరిలో, చీకటివేళ కారు ఆగిపోతే సహాయం కోసం ఏ ఇంటి తలుపు తట్టాలన్నది ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న. న్యూయార్క్‌లోని హార్లెమ్‌కు చెందిన తపాలా ఉద్యోగి విక్టర్ గ్రీన్ 1936 నుంచి ప్రచురించిన గ్రీన్ బుక్ అనే మార్గదర్శినిలో, నల్లజాతి ప్రయాణికులకు బస, భోజనం దొరికే చోట్లతో పాటు గ్యారేజీలు, పెట్రోలు బంకుల పేర్లు కూడా ఉండేవి. అలాంటి ప్రయాణంలో సీటు కింద పెట్టుకున్న పానాల సంచి కాలక్షేపం వస్తువు కాదు.

మాంద్యం, యుద్ధం

1920లలో జనరల్ మోటార్స్ సంస్థ ఆల్ఫ్రెడ్ స్లోన్ నాయకత్వంలో ఏటా కారు రూపం మార్చే విధానాన్ని స్థిరపరచింది. ఉన్న కారు పాడుకాకముందే పాతబడినట్టు అనిపించాలి, కొత్తది కొనాలి. ఫోర్డ్ కూడా 1927లో మోడల్ టిని ఆపి మోడల్ ఎ వైపు మారవలసి వచ్చింది. ఏటా మార్పు అంటే ఏటా వేర్వేరు భాగాలు. ఇంటి మరమ్మతుకు ఇది అనుకూలం కాదు. అయినా ఆ అలవాటు అప్పుడే అంతరించలేదు. కారణం 1929 తరువాతి ఆర్థిక మాంద్యం. ఉద్యోగం పోయినవారు కారును అమ్ముకోకుండా, పాత కార్ల తుక్కు దిబ్బల్లో భాగాలు వెతికి తెచ్చి నడుపుకున్నారు.

రెండవ ప్రపంచ యుద్ధంలో ఈ పని దేశభక్తిగా మారింది. 1942 ఫిబ్రవరిలో పౌరుల కోసం కార్ల తయారీ ఆగిపోయింది, 1945లో గాని తిరిగి మొదలుకాలేదు. అంతకుముందే టైర్లకు రేషను వచ్చింది. కారుకు 5 టైర్లకు మించి ఉంచుకోరాదు. టైర్లు, పెట్రోలు ఆదా కోసం గంటకు 35 మైళ్ల వేగ పరిమితి విధించారు. ఉన్న కారును బతికించుకోవడం తప్ప మరో మార్గం లేని మూడేళ్లకు పైబడిన కాలం అది. అదే సమయంలో యుద్ధానికి ఉక్కు కావాలని ఊరూరా తుక్కు సేకరణ జరిగింది. కొట్టాల్లో మూలపడిన ఎన్నో తొలితరం కార్లు అలా కొలిమిలోకి వెళ్లాయి. నడుస్తున్న కారును కాపాడిన యుద్ధమే నిలిచిపోయిన కారును కరిగించింది. ఇవాళ పాత కార్లు సేకరించేవారు కొన్ని నమూనాల కోసం అంతగా వెతకడానికి ఇదొక కారణం.

పాత కారు నుంచి పురాతన కారు వరకు

ఏ వస్తువైనా ఒక దశలో పాతదిగా చులకనై, తరువాతి దశలో పురాతనమైనదిగా గౌరవం పొందుతుంది. కార్ల విషయంలో ఈ మార్పు 1930లలో కనిపిస్తుంది. 1935లో పాత కార్ల ప్రేమికుల సంఘం ఒకటి ఫిలడెల్ఫియాలో ఏర్పడింది. ఆంటిక్ ఆటోమొబైల్ క్లబ్ ఆఫ్ అమెరికా దాని పేరు. 1954లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని క్విన్సీ పట్టణంలో ఎర్నెస్ట్ హెమ్మింగ్స్ అనే వ్యాపారి మోడల్ టి, మోడల్ ఎ భాగాల క్రయవిక్రయాల కోసం ఒక చిన్న ప్రకటనల పత్రిక ప్రారంభించాడు. హెమ్మింగ్స్ మోటార్ న్యూస్ పేరుతో అది దేశవ్యాప్తమైంది. పెన్సిల్వేనియాలోని హెర్షీలో ఏటా జరిగే పాత భాగాల సంత కూడా 1950ల నాటిదే. కంపెనీ మానేసిన పనిని, అంటే విడిభాగాలు అందించడాన్ని, యజమానులు తమలో తాము ఏర్పాటు చేసుకున్నారు. నేడు మోడల్ టికి కావలసిన భాగాల్లో అధికభాగం చిన్న సంస్థలు కొత్తగా తయారుచేసి అమ్ముతున్నాయి.

1950ల కార్లను ఇంటివద్ద బాగుచేసేవారి సమస్యలు వేరు. 1955 షెవర్లే బెల్ ఎయిర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఇంజను అమర్చిన చోటు విశాలంగా ఉంటుంది, చేయి ఎక్కడికైనా వెళుతుంది. కాని బ్రేకు వ్యవస్థ మొత్తానికి ఒకే మాస్టర్ సిలిండరు. ఒక గొట్టం పగిలితే 4 చక్రాల బ్రేకులూ పోతాయి. రెండు భాగాల వ్యవస్థ అమెరికన్ కార్లన్నిటిలో 1967 నాటికి గాని రాలేదు. అందువల్ల అసలు రూపాన్నే కాపాడాలనేవారు కూడా ఈ ఒక్క భాగాన్ని మార్చుకోవడం తరచూ కనిపిస్తుంది. పాత బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాస్ ఉంటుంది. ఆ ధూళిని ఊదడం ఊపిరితిత్తులకు ప్రమాదకరం. ఆ రోజుల్లో గాలి కొట్టి శుభ్రం చేసేవారు.

పెట్రోలు విషయం ఇంకా ఆసక్తికరం. 1950ల ఇంజన్లు సీసం కలిపిన పెట్రోలుకు అలవాటుపడినవి. సీసం వాల్వు సీట్ల అరుగుదలను తగ్గించేది. అమెరికా రోడ్ల మీద సీసపు పెట్రోలు 1996లో పూర్తిగా నిషిద్ధమైంది. కాబట్టి ఇంజను విప్పినప్పుడు యజమానులు గట్టి వాల్వు సీట్లు వేయిస్తారు. అంతకన్నా పాతదైన మోడల్ టికి ఈ బాధ లేదు. పెట్రోలులో సీసం కలపడం మొదలైంది 1923లో. ఈ కారు అంతకు 15 ఏళ్ల ముందే రూపుదిద్దుకుంది.

హవానా

ఇక అమెరికా తీరానికి దక్షిణాన ఉన్న క్యూబాకు వద్దాం. 1950ల వరకు ఆ దేశం అమెరికన్ కార్లకు మంచి మార్కెట్టు. 1959 జనవరిలో విప్లవం విజయవంతమైంది. 1960 అక్టోబరులో అమెరికా తన ఎగుమతులను చాలావరకు నిషేధించింది, 1962 ఫిబ్రవరిలో వాణిజ్య దిగ్బంధం సంపూర్ణమైంది. అప్పటికే క్యూబాలో ఉన్న షెవర్లేలు, బ్యూక్‌లు, ప్లిమత్‌లు అక్కడే ఉండిపోయాయి. వాటికి అమెరికా నుంచి విడిభాగాలు రావు. క్యూబా ప్రభుత్వ నిబంధనలు కూడా తోడయ్యాయి. 2011 వరకు విప్లవానికి పూర్వపు కార్లను మాత్రమే పౌరులు స్వేచ్ఛగా కొనడానికి, అమ్మడానికి వీలుండేది. రెండు ప్రభుత్వాలు చేసిన రెండు రకాల చట్టాలు కలిసి ఒక పాత కారుకు విలువ తెచ్చాయి.

క్యూబన్లు ఈ కార్లను అల్మెండ్రోన్ అంటారు. పెద్ద బాదం గింజ అని అర్థం. బయట 1950ల అమెరికన్ రూపం, లోపల సోవియట్ వోల్గా కారు ఇంజనో, ఏదో ఒక డీజిల్ ఇంజనో ఉండవచ్చు. రేకు తుప్పుపడితే మరో రేకు సుత్తితో కొట్టి అతుకుతారు. దొరకని భాగాన్ని లేతు మీద తిప్పించుకుంటారు. వీటిలో చాలా కార్లు హవానాలో నలుగురూ కలిసి ఎక్కే టాక్సీలు. కారు ఆగితే ఆ రోజు ఇంట్లో సంపాదన ఆగుతుంది. 1990లలో సోవియట్ సహాయం ఆగిపోయి పెట్రోలు కరువైనప్పుడు ఈ పని మరింత కష్టమైంది.

హెర్షీ ప్రదర్శనలో న్యాయనిర్ణేతలు ఒక కారును పరిశీలించేటప్పుడు, అది అమ్మకందారు దగ్గర కొత్తగా ఉన్న రోజున ఎలా ఉండేదో అలా ఉందా అని చూస్తారు. వోల్గా ఇంజను ఉన్న బ్యూక్‌కు అక్కడ మార్కులు రావు. అమెరికన్ యజమాని తన కారును ఒక తేదీకి తిరిగి తీసుకువెళుతున్నాడు. హవానా యజమాని ప్రతి తేదీనీ కారు మీద మిగలనిస్తున్నాడు. ఆధారంగా చూస్తే రెండవ కారులోనే ఎక్కువ చరిత్ర నిలిచి ఉందని పాఠ్య రచయిత అభిప్రాయం. సౌందర్య దృష్టితో మీరు దీనికి భిన్నంగా వాదించవచ్చు.

అమెరికాలో ఈ చర్చ పాత కార్లతో ఆగలేదు. 1996 నుంచి అక్కడ అమ్మే ప్రతి కొత్త కారులోనూ దోషాలను నమోదు చేసే ఒకే తరహా కంప్యూటరు వ్యవస్థ తప్పనిసరైంది. కాయిళ్లు మార్చి దోషం కనిపెట్టిన చోట ఇప్పుడు ఆ సంకేతాలను చదివే పరికరం, సమాచారం కావాలి. ఆ సమాచారాన్ని యజమానులకు, బయటి మెకానిక్కులకు కూడా కంపెనీలు అందించాలంటూ 2012లో మాసచూసెట్స్ రాష్ట్రం చట్టం చేసింది. వ్యతిరేకించినవారు భద్రతను, వ్యాపార రహస్యాలను కారణంగా చూపారు. కారు కొన్నవాడికి దాన్ని విప్పే హక్కు ఎంతవరకు ఉందన్న వివాదం ఇంకా కోర్టుల్లో, శాసనసభల్లో సాగుతూనే ఉంది.

అభ్యాసం

1928 నుంచి బొంబాయిలో షెవర్లే కార్లను బిగించేవారు. 1940ల చివరి నుంచి అదే నగరంలో క్రైస్లర్ సంస్థ ఒప్పందంతో డాడ్జ్, ప్లిమత్ కార్లు, ఫార్గో లారీలు తయారయ్యాయి. మీ ప్రాంతంలోని పాత మోటారు షెడ్డులో పనిచేసిన ఒక వృద్ధ మేస్త్రీని కలవండి. ఈ బండ్లలో వేటినైనా తాను విప్పాడా, పని ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, చేతిపుస్తకం ఎప్పుడైనా చూశాడా, దొరకని భాగాన్ని ఎలా చేయించాడు అని అడిగి, ఆయన మాటల్లోనే 2 పేజీలు రాయండి. ఆయన వాడే పరికరాల పేర్లను మీరు మార్చకుండా, ఆయన పలికినట్టే రాయండి.